సాయం రాదని రెండు ముక్కలు

పట్టణ కమిటీలో పౌర సదుపాయాల విభాగానికి అధ్యక్షులైన వారి సముఖానికి, నీటి సరఫరా కేంద్రంలో మొన్నటి వరకు పర్యవేక్షకుడిగా ఉండి, ప్రస్తుతం విచారణలో ఉన్న వ్యక్తి రాసుకున్న అర్జీ.

అయ్యా,

విషయం: నాకు గాని నా కుటుంబానికి గాని తమరి వల్ల ఏ సాయమూ అందబోదని, నా కుమార్తె పేర తమ చేతిరాతతో రెండు ముక్కలు రాసి ఇప్పించమని కోరుట గురించి.

విషయం చదివి తమ గుమాస్తా ఇందులో ఏదో మాట తారుమారైందనుకోవచ్చు. తారుమారు కాలేదు. సాయం కోరుతూ ఇదివరకు పంపుకున్న అర్జీలు తమ కార్యాలయంలోనే ఉన్నాయి. వాటిని వెనక్కి తీసుకుంటున్నాను. ఇప్పుడు కోరేదానికి ఫైలు అవసరం లేదు, పై అధికారుల అనుమతి అవసరం లేదు. కాగితం కూడా నేనే జతపరుస్తున్నాను.

నేను బడికి వెళ్లినవాడిని కాను. పంపుల మీద అచ్చుపోసిన అక్షరాలు చూసి చదవడం నేర్చుకున్నాను. రోజూ నీటిమట్టం రాసిపెట్టే పనిలో రాయడం వచ్చింది. అందువల్ల నాకు చేతనైన పద్ధతిలో, జరిగింది జరిగినట్టు అంకెలు వేసి మనవి చేస్తున్నాను. ఎక్కడైనా మాట మీరితే మన్నించగలరు.

1. నా కుమార్తె పెద్దాసుపత్రిలో, ప్రసూతి వార్డులో నర్సు. విచారణలో ఉన్నవారి కుటుంబ సభ్యులు తుది విచారణకు ముందే సంబంధ విరమణ పత్రం మీద సంతకం చేయాలన్నది నియమం. ఈ వ్యక్తితో నాకిక ఏ సంబంధమూ లేదు, ఇతని నేరాలను ఖండిస్తున్నాను అన్నది దాని సారాంశం. సంతకం చేసినవారి ఉద్యోగానికి, ఇంటికి ఢోకా ఉండదు. చేయనివారిని నిందితుడితోపాటు ఉప్పు మడుల్లో పనికి పంపుతారు. నేను వెళ్లడం ఖాయమని నాకు తెలుసు. దాని గురించి వాదించడానికి ఇది రాయడం లేదు. తుది విచారణ వచ్చే సోమవారం.

నా భార్య సంతకం చేసింది. నేనే బతిమాలి చేయించాను. కలం పట్టుకుని నా వైపు చూసి, "సంతకం పెట్టాక మీకు అన్నం నేనే వడ్డించాలా, లేక కమిటీ వాళ్లు మనిషిని పంపిస్తారా?" అని అడిగింది. నువ్వే వడ్డించు అన్నాను. "అయితే నేను సంతకం పెట్టినట్టు మీకు తెలియదనుకోండి" అని పెట్టింది.

నా కుమార్తె మాత్రం పెట్టలేదు. "ఆ కాగితం అక్కడే ఉండనీ నాన్నా, వేడి గిన్నె దించుకోవడానికి పనికొస్తుంది" అంది. నిజంగానే దాని మీద గిన్నె దించింది. గుండ్రటి మచ్చతో ఆ పత్రం ఇప్పుడు మా బల్ల మీద ఉంది. కొత్తది ఇమ్మని మా పేట వార్డు కార్యాలయంలో అడిగితే, మచ్చ ఉన్నా చెల్లుతుంది, సంతకం లేకపోతేనే చెల్లదన్నారు.

"ఎందుకే ఇంత మొండితనం?" అని అడిగాను.

"చిన్నాన్న ఉన్నాడుగా."

"ఆయనకు సవాలక్ష పనులు."

"ఉండనీ. చివరి రోజున వస్తాడు చూడు. సెలైన్ సీసాలో చివరి బొట్టు పడేదాకా కుర్చీలోంచి లేవకపోవడం డాక్టర్లందరికీ ఉన్న జబ్బే. లేస్తారు గాని."

ఆ చిన్నాన్న తమరే. ఈ సంగతి ఏ ఫైలులోనూ లేదు కాబట్టి కింద మనవి చేయవలసి వస్తున్నది.

2. ఉద్యమం రహస్యంగా నడుస్తున్న కాలంలో తమరు కత్తులకు సానపట్టేవాడి వేషంలో మా వీధికి వచ్చారు. వైద్య కళాశాల మధ్యలో వదిలేసి వచ్చిన మనిషికి సానచక్రం తొక్కడం రాదని నా భార్య మొదటి రోజే కనిపెట్టింది. మా వంటింటి కత్తి తమరి చేతిలో పడి వచ్చాక దాంతో అరటిపండు కూడా తెగలేదు. ఆమె తలుపు దగ్గర నిలబడి, "బాబూ, నువ్వెవరివో నాకు అక్కర్లేదు. ఈ పనితనంతో ఇంకో నాలుగిళ్లు తిరిగావంటే కత్తులు మొండిచేసినందుకే పోలీసులకు పట్టిస్తారు. లోపలికి రా" అంది.

ఆ వానాకాలమంతా తమరు పంపుహౌసు వెనుక, పటిక బస్తాలు పెట్టే గదిలో ఉన్నారు. నన్ను అన్నయ్యా అని, ఆమెను వదినా అని పిలిచారు. అప్పటికి నా కుమార్తె బడిలో చదువుకుంటున్నది. దానికి నాడి చూడడం నేర్పింది తమరే. నా మణికట్టు దానికి అప్పగించి లెక్కపెట్టమనేవారు. లెక్క తప్పినప్పుడల్లా, "అయిపోయింది, మీ నాన్న చచ్చిపోయాడు. మళ్లీ మొదటినుంచి చూడు" అనేవారు. అది పగలబడి నవ్వేది. నర్సు కావాలన్న ఆలోచన దానికి ఆ బస్తాల గదిలోనే పుట్టింది. పెద్దాసుపత్రిలో చేరిన రోజు ముందుగా చెప్పింది నాకు కాదు, తమరి కార్యాలయానికి పరుగెత్తి వెళ్లి తమరికే చెప్పింది. తమరు కమిటీ సమావేశంలోంచి లేచి వచ్చి దాని నెత్తిన చెయ్యి పెట్టారని ఇప్పటికీ చెబుతుంది.

3. తిరుగుబాటు మొదలైనప్పుడు సైనిక శిబిరానికి నీళ్లు ఆపమని తమరే నాకు చెప్పారు. అదే గొట్టం మీద ఆసుపత్రి కూడా ఉందని నేను చెప్పాను. "ఆ బాధ్యత ఉద్యమానిది అన్నయ్యా, నువ్వు తిప్పు" అన్నారు. వాల్వు తిప్పాను. ఆసుపత్రికి మాత్రం మా ఇంటిల్లిపాదీ, పంపు డ్రైవరు, ఫిట్టరు కలిసి బిందెలతో మోశాం. మా అమ్మాయి జడ నడుముకు చుట్టుకుని మోసింది. శిబిరం లొంగిపోయింది. ఆదేశం ఎవరిచ్చారో ఎవరికీ చెప్పకూడదన్నది అప్పట్లో మన నియమం. ఆ నియమం రద్దయినట్టు ఈ రోజు వరకు నాకెవరూ తెలియజేయలేదు.

4. విజయం తర్వాత నన్ను పర్యవేక్షకుడిగా నియమించారు. నాకు చదువు లేదని మనవి చేశాను. "చదువున్నవాళ్లు ఇన్నాళ్లూ ఏం వెలగబెట్టారో చూశాంగా" అన్నారు. కుర్చీ ఇచ్చారు. ఆ కుర్చీలో నేను కూర్చున్నది తక్కువ. గొట్టాల దగ్గరే ఎక్కువ తిరిగాను.

ప్రతి నెలా మొదట్లో అన్ని విభాగాల్లో పొరపాట్ల సభ జరగాలని తమరే ఆదేశించారు. ప్రతి విభాగం నుంచి ఒకరు లేచి, గడిచిన నెలలో తాము చేసిన పొరపాటు అందరి ముందు చెప్పుకోవాలి. మొదటి సభలో తమరే లేచారు. ఒక వితంతువు ఇచ్చిన అర్జీని కోటు జేబులో పెట్టుకుని మరిచిపోయానని చెప్పి తల వంచుకున్నారు. నా కళ్లలో నీళ్లు తిరిగాయి. పాత ప్రభుత్వంలో అధికారి తల వంచడం నేను ఎరగను. ఇంటికి వచ్చి నా భార్యకు చెబితే, "మన సానబ్బాయి బాగుపడ్డాడు" అంది.

తర్వాత తర్వాత, పొరపాటు చెప్పుకోని విభాగాన్ని దాపరికం గల విభాగంగా గుర్తించడం మొదలైంది. మా కేంద్రంలో పొరపాట్లు జరగక కాదు, లేచి చెప్పుకునే మనుషులు లేరు. ఫిట్టరుకు చిన్న పిల్లలు. పంపు డ్రైవరుకు నలుగురిలో నోరు పెగలదు. గ్రీజు పెట్టే పెద్దాయనకు తన పేరు ఎవరైనా గట్టిగా పిలిస్తేనే కాళ్లు వణుకుతాయి. అందుకని నెలనెలా నేనే లేచాను. పెద్దవాడిని కాబట్టి నా మీద వేసుకుంటే సరిపోతుందనుకున్నాను.

నిజంగా జరిగిన పొరపాట్లు కొన్నాళ్లకే అయిపోయాయి. సభ దగ్గరపడితే పంపుహౌసులో మాకు అదే పని.

"సార్, వాషరు సంగతి రెండుసార్లు చెప్పేశారు. మిట్టవీధి వాల్వు ఆలస్యంగా తెరిచింది కూడా అయిపోయింది. ఈసారి పానా బావిలో పడేశానని చెప్పండి" అన్నాడు ఫిట్టరు.

"పడెయ్యలేదు కదయ్యా."

"దానిదేముంది, ఇప్పుడు పడేద్దాం."

నేను ఒప్పుకోలేదు. పానా ప్రజల సొత్తు. పడేసినట్టు చెప్పాను గాని పడెయ్యలేదు.

ఇంట్లో నా భార్య కూడా, "ఈ నెలకు తప్పు దొరికిందా? దొరక్కపోతే చెప్పండి, పక్కింటావిడను అడుగుతాను. ఆవిడ దగ్గర మీ మీద ఒక సంవత్సరానికి సరిపడా ఉన్నాయి" అని వేళాకోళం చేసేది. మేమందరం నవ్వుకునేవాళ్లం. ఆ నవ్వులకు నా కుమార్తె కూడా సాక్షి. ఈ మాట ఎందుకు రాస్తున్నానో తరువాత తెలుస్తుంది.

సభ పుస్తకంలో నేను చెప్పుకున్న ప్రతి పొరపాటు కిందా తమరు "ఆదర్శప్రాయం" అని రాసి సంతకం చేశారు. ఒకసారి సభ ముగిశాక నా భుజం మీద చెయ్యి వేసి, "తప్పు ఒప్పుకునేవాడే మనవాడు అన్నయ్యా" అన్నారు. ఆ మాటతో నేను చాలా దూరం నడిచాను.

5. ఈ వేసవిలో మిట్టవీధులకు నీళ్లు ఎక్కలేదు. కమిటీ భవనం ముందు విజయానికి గుర్తుగా కట్టిన ఫౌంటెన్‌కు, ఆ వీధులకు వెళ్లే పెద్ద గొట్టం నుంచే నీళ్లు మళ్లించారు. మళ్లిస్తే కుళాయిలు గాలి ఊదుతాయని నేను ముందుగానే తెలియజేసుకున్నాను. "అనవసర భయాలు" అన్న జవాబు వచ్చింది. కుళాయిలు గాలి ఊదాయి. ఆడవాళ్లు ఖాళీ బిందెలతో నేరుగా ఫౌంటెన్ దగ్గరికే వచ్చి ముంచుకోవడం మొదలుపెట్టారు. అక్కడి కాపలా మనిషి ఆపలేక, "అమ్మా, ఇవి తాగే నీళ్లు కావు, విజయానికి గుర్తు" అన్నాడట. ఒక ముసలమ్మ బిందె ఎత్తుకుంటూ, "మాకు దాహం గుర్తుంది నాయనా. మిగతాది మీరు గుర్తుపెట్టుకోండి" అందట. ఆ మాట ఊరంతా పాకింది. ఫౌంటెన్ తప్పు కాదని కమిటీ తీర్మానించింది. ఫౌంటెన్ తప్పు కానప్పుడు మనిషి తప్పు కావాలి. అందుకు మనిషి సిద్ధంగానే ఉన్నాడు. నెలనెలా లేచి చెప్పుకున్నాడు.

6. మొదటి విచారణ తమ సమక్షంలోనే జరిగింది కనుక దాన్ని వివరంగా రాయనక్కర్లేదు. అయినా తమరు ఆ పూట ఎక్కువగా కాగితాలు చూస్తూ ఉన్నందున, కొంత మనవి చేస్తాను.

తనిఖీ అధికారి వయసులో చిన్నవాడు, మర్యాదస్తుడు. నన్ను మీరు అనే అన్నాడు. నా పొరపాట్లన్నీ వరసగా చదివాడు.

"మిట్టవీధి వాల్వు ఆలస్యంగా తెరిచాను. ఇది మీ మాటేనా?"

"నా మాటేనండి."

"పానా బావిలో పడేశాను. ఇదీ మీ మాటేనా?"

"నా మాటే. కానీ పడెయ్యలేదండి."

"పడెయ్యకుండా పడేశానని ఎందుకు చెప్పారు?"

"ఆ నెలకు ఏదో ఒకటి చెప్పాలి కదండీ."

వెనక ఎవరో నవ్వారు. "సభను ఎగతాళి చేసినట్టు రాసుకోండి" అని అధికారి గుమాస్తాకు చెప్పాడు. తర్వాత మనిషిని బావిలోకి దింపి వెతికించారు. పానా దొరకలేదు. దొరికితే నేరం రుజువయ్యేది. దొరకలేదు కనుక ఎక్కడో దాచానన్నారు. మా గోడకు తగిలించి ఉన్న పానాను చూపించాను. అది వేరేది అయి ఉండవచ్చన్నారు.

ఫిట్టరును పిలిచి, "ఈయన ఈ పొరపాట్లు చేసినట్టు నీకు తెలుసా?" అని అడిగారు. "ఆయనే చెప్పారు కదండీ" అని, నేలకేసి చూస్తూ నిలబడ్డాడు. అతన్ని నేను ఏమీ అనను. అతనికి చిన్న పిల్లలున్నారని పైన రాశాను.

చివరికి శిబిరానికి నీళ్లు ఆపిన సంగతి తీశారు.

"ఆ గొట్టం మీద ఆసుపత్రి ఉందని తెలిసే ఆపారా?"

"తెలిసేనండి."

"ఎవరు చెబితే?"

"ఉద్యమం చెబితే."

"ఉద్యమానికి నోరుండదు కదా పెద్దాయనా. మనిషెవరు?"

మధ్య కుర్చీలో తమరున్నారు. నేను తమరి వైపు చూశాను. ఒక్కసారి తల ఎత్తుతారనుకున్నాను. తల ఎత్తితే చాలు, చెప్పినా చెప్పకపోయినా నాకు పరవాలేదు. తమరు కాగితాల అంచులు సరిచేసుకుంటున్నారు. "గుర్తు లేదండి" అన్నాను. అప్పుడు తమరు కూజా అందుకుని గ్లాసులో నీళ్లు పోసుకుని తాగారు. అవి మా పంపు నీళ్లే. ఆ ఉదయం పటిక నేనే కలిపాను.

గుర్తు లేదన్నందువల్ల, ఆసుపత్రి గొంతు ఎండబెట్టాలని నా అంతట నేనే వాల్వు తిప్పినట్టు రాసుకున్నారు. అంటే తిరుగుబాటుకు ముందు నుంచీ నేను ప్రజల శత్రువునే. ఆ వాల్వు తిప్పినందుకే నాకు ఈ ఉద్యోగం ఇచ్చారని గుమాస్తా కూడా ఎరుగును. అతను కూడా రాసుకున్నాడు.

7. ఆ సాయంత్రం తమ ఇంటికి వచ్చాను. తమ శ్రీమతి తలుపు సగమే తీసి, "ఆయన ఇంట్లో లేరండి" అన్నారు. గుమ్మంలో తమరి చెప్పులున్నాయి. ఎడమ చెప్పు పట్టీ తెగితే, పంపు బెల్టుకు వాడే తోలు ముక్క వేసి నేనే కుట్టి ఇచ్చిన జత అది. ఇంత కాలంగా వాడుతున్నారని అప్పుడే తెలిసింది. లోపలి గదిలో కుర్చీ జరిగిన చప్పుడైంది. ఆవిడ ముఖం ఎర్రబడింది. నేను, "మళ్లీ వస్తానని చెప్పండమ్మా" అని వచ్చేశాను. మళ్లీ రాలేదు. ఆవిడ చేత రెండోసారి అబద్ధం ఆడించడం ఎందుకనిపించింది.

ఇంటికి రాగానే నా కుమార్తె, "ఏమన్నాడు చిన్నాన్న?" అంది. "ఇంట్లో లేడు" అన్నాను. "చూశావా, నీ పని మీదే ఎక్కడికో వెళ్లి ఉంటాడు" అంది. ఆ రోజు దానికి నిజం చెప్పి ఉండవలసింది. చెప్పలేదు. దాని నమ్మకం విరవడానికి నా నోరు రాలేదు. ఇప్పుడు చెబుదామంటే, సంతకం కోసం నేనే కల్పించానంటుంది. నెలనెలా నేను ఎలాంటి పొరపాట్లు కల్పించానో దానికి తెలుసు. నా మాటకు ఇప్పుడు విచారణలో ఎంత విలువ ఉందో ఇంట్లోనూ అంతే ఉంది.

8. కనుక నా కోరిక ఇంత మాత్రమే. తమరు మా ఇంటికి రానక్కర్లేదు. నా తరఫున మాట్లాడనక్కర్లేదు. ఆదేశం ఎవరిచ్చారో ఒప్పుకోనక్కర్లేదు. సోమవారం నాడు కాగితాలే చూస్తూ కూర్చోవచ్చు. నేను తమరి వైపు చూడను. జతపరచిన తెల్ల కాగితం మీద, తమరికి వీలుంటే ఈ కింది మాటలు రాయగలరు:

"అమ్మాయీ, మీ నాన్న విషయంలో నేను చేయగలిగింది ఏమీ లేదు, చేయబోయేదీ లేదు. నా కోసం చూడవద్దు. సంతకం చెయ్యి."

మాటలు మార్చుకోవచ్చు. కటువుగా ఉంటే మరీ మంచిది. తమరి చేతిరాత దానికి బాగా తెలుసు కాబట్టి గుమాస్తా చేత రాయించవద్దని ప్రార్థన. అది చదివితే ఒక పూట ఏడుస్తుంది. తర్వాత సంతకం చేసి డ్యూటీకి వెళ్తుంది. ప్రసూతి వార్డులో దాని అవసరం చాలా ఉందని అక్కడి పెద్ద నర్సు కూడా అన్నది. ఉప్పు మడుల్లో చేతులు ఎలా పగులుతాయో నేను చిన్నప్పుడు పని చేసి చూసినవాడిని. పసిపిల్లలను అందుకునే చేతులవి.

తమరిని నిందించడం ఈ అర్జీ ఉద్దేశం కాదు. పైన ఎక్కడైనా నింద కనబడితే, అది నాకు రాత సరిగా రాక వచ్చిందిగా భావించగలరు.

సాయం కోరే అర్జీల కట్టలో దీన్ని కలిపేయకుండా, సోమవారానికి ముందే విడిగా చిత్తగించవలెనని మనవి.

ఇంతవరకు తమ విధేయుడు,
నీటి సరఫరా కేంద్రం మాజీ పర్యవేక్షకుడు

జతపరచినవి: తెల్ల కాగితం ఒకటి. మా ఇంటి చిరునామా రాసిన కవరు ఒకటి.

తా.క.: ఇది తమ కార్యాలయం వసారాలో బల్ల మీద కూర్చుని పెన్సిలుతో రాస్తున్నాను.

అర్జీ ఇవ్వబోతే కిటికీలోని గుమాస్తా తీసుకోలేదు. "ఎవరి పేరున రాశారో ఆ పేరున ఇప్పుడెవరూ లేరు పెద్దాయనా" అని గోడకేసి చూపించాడు. గోడ మీద నోటీసు ఉంది. అధ్యక్షులను బాధ్యతల నుంచి తొలగించారట. నీటి సరఫరాలో జరిగిన ద్రోహాన్ని ఆదర్శప్రాయమని మెచ్చుకుంటూ వచ్చినందుకు విచారణ అట. జిగురు ఇంకా తడిగానే ఉంది.

నోటీసు ముందు మా అమ్మాయి నిలబడి ఉంది. డ్యూటీ దిగి, ఆ బట్టలతోనే తమరిని కలుద్దామని వచ్చిందట. నన్ను చూసి నా చెయ్యి పట్టుకుంది. ఇక ఏడుస్తుంది, ఇంటికి తీసుకెళ్లి సంతకం చేయిస్తాను అనుకున్నాను. దాని ముఖం చూస్తే, ఇన్ని రోజులుగా లేని తేట వచ్చింది.

"చూశావా నాన్నా, అందుకే రాలేదు. రానివ్వలేదు."

"అమ్మా, ఇది ఇవాళ వేసిన నోటీసు. ఆయనకు ఇన్నాళ్లు..."

"ఇన్నాళ్లూ కాపలా పెట్టే ఉంటారు. నీకేం తెలుసు? నీ కోసమే ఆయన మీద పడ్డారు" అంది. "ఆయన్నీ నిన్నూ ఇద్దర్నీ వదిలేసి నేను సంతకం పెట్టాలా? ఆ పత్రం చింపేస్తాను పద" అని ఇంటికి వెళ్లిపోయింది.

తమరు, తమరు అని ఇంతవరకు రాశాను. ఇక చేతకావడం లేదు. తమ్ముడూ, టీ పట్టుకెళ్లే ఆవిడ నన్ను గుర్తుపట్టింది. నిన్ను మేడ మీద పాత కాగితాల గదిలో కూర్చోబెట్టి నీ పొరపాట్లు రాయిస్తున్నారని చెప్పింది. ఈ అర్జీ పళ్లెం కింద పెట్టి ఇస్తానంది. అడుగున నా పెన్సిలు కూడా ఉంటుంది.

నేను పైన కోరిన రెండు ముక్కలు ఇప్పుడు చాలవు. నువ్వు ఏమీ చేయలేవని దానికి తెలిసిపోయింది. అయినా ఒప్పుకోవడం లేదు. కుర్చీలో ఉండగా కూడా నువ్వు వచ్చేవాడివి కాదని రాయి. నేను మీ గుమ్మంలో నిలబడినప్పుడు నువ్వు లోపలి గదిలో ఉన్నావని రాయి. చెప్పుల సంగతి కూడా రాయి, అప్పుడు నమ్ముతుంది. చదివాక ఆ కాగితం పొయ్యిలో పెట్టిస్తాను. నువ్వు ఎవరికీ ఏమీ రాయలేదనే చెబుతాను. ఎవరు అడిగినా నాకు గుర్తు ఉండదు, అది నీకు తెలుసు.

ఒకవేళ అది నిజం కాకపోతే, ఆ రోజు నా గొంతు విని కుర్చీలోంచి లేవబోయి ఆగిపోయి ఉంటే, అది మాత్రం ఈ కాగితం మీద రాయకు, అమ్మాయి చదువుతుంది. టీ ఆవిడకు నోటిమాటగా చెప్పి పంపు. నేను కింద బల్ల మీదే కూర్చుని ఉన్నాను.